ఇరవై రాళ్లకు ఒక పచ్చ

మైన్‌క్రాఫ్ట్ ఆటలో ఊళ్లుంటాయి. ఆ ఊళ్లలో పనిపాటలు చేసుకునే జనం ఉంటారు. రైతు, కమ్మరి, చేపలు పట్టేవాడు, గొర్రెల కాపరి, మటన్ కొట్టేవాడు. అందరికీ అదే పెద్ద ముక్కు, చేతులు రెండూ కట్టుకుని అదే నడక. మాటలు రావు, ముక్కుతో మూలుగుతారంతే. చీకటి పడితే ఊరి బయట జాంబీలు లేస్తాయి కాబట్టి పొద్దుగూకగానే ఇళ్లలో దూరి పడుకుంటారు. 2019 ఏప్రిల్‌లో ఆ ఊళ్లన్నిటినీ కొత్తగా తీర్చిదిద్దినప్పుడు వాళ్లలోకి ఒక రాతిమేస్త్రి కూడా వచ్చి చేరాడు. నల్ల ఏప్రాన్ కట్టుకుంటాడు. రాళ్లు కోసే రంపపు బల్ల ఒకటి కనిపిస్తే చాలు, దాని పక్కన కొలువు తీరతాడు. పది బంకమట్టి ముద్దలు తీసుకెళ్తే ఒక పచ్చ ఇస్తాడు. ఆ లోకంలో రూపాయి పైసలన్నీ పచ్చలే. పరిచయం కాస్త పెరిగాక ఇరవై రాళ్లకు ఒక పచ్చ, ఇంకా పెరిగాక పదహారు గ్రానైట్ రాళ్లకు ఒక పచ్చ.

అతనికి పట్టింపులు లేకపోలేదు. గైతితో కొండను కొడితే ముందు రాలేది ముక్కచెక్కల రాయి. అది అతనికి పనికిరాదు. దాన్ని కొలిమిలో పెట్టి కాల్చి, మామూలు రాయిగా మార్చి తేవాలి. ఒకే సరుకు అదే పనిగా తెచ్చి పోస్తే కాసేపు కొనడం ఆపేస్తాడు. తన బల్ల దగ్గరికి పోయి పని చేసుకుని వచ్చాకే మళ్లీ కొంటాడు. ఇన్ని షరతులు పెట్టేవాడు ఒక్క మాట మాత్రం అడగడు. ఈ రాయి ఎక్కడిదని అడగడు. అతను పడుకునే ఇంటి గోడనే పడగొట్టి, ఆ రాళ్లను కాల్చి అతనికే అమ్మినా మూలిగి పచ్చ చేతిలో పెడతాడు.

ఈ మేస్త్రిని తెర మీద చూడకముందే నేను అతని వేషం వేశాను. ఏప్రాన్ ఒక్కటే తక్కువ.

నా తల్లిగారిల్లు కోరుట్ల. అత్తగారిల్లు సిరిసిల్ల. ఉద్యోగం జగిత్యాల చుట్టుపక్కల ప్రభుత్వ బళ్లలో, సోషల్ టీచరుగా. ఈ మూడు ఊళ్ల మధ్య బస్సుల్లో తిరిగిన మనిషికి రాయి అంటే పరాయిది కాదు. కిటికీలోంచి చూస్తే గుట్టలే. జగిత్యాలలో 1747 నాటి ఖిల్లా ఉంది, రాతిగోడ, చుట్టూ కందకం. వేములవాడ దాటుతుంటే గుడి. కోరుట్లలో మా అమ్మ పసుపు దంచిన రోలు ఇప్పటికీ ఇంటి వెనక బోర్లా పడి ఉంది. చూడటం మాత్రం వేరు సంగతి. ఆ చూడటం పిల్లలకు నేర్పాలని నాకు ఉబలాటం.

ఉబలాటానికి కారణం కోటిలింగాల. మా జిల్లాలోనే, వెల్గటూర్ మండలంలో, పెద్దవాగు గోదావరిలో కలిసే చోట ఉంది. శాతవాహన వంశానికి మొదటివాడైన శ్రీముఖుని పేరున్న నాణేలు దొరికింది అక్కడే. గోబద, నారన, కంవాయసిరి, సమగోప అని ఆయనకంటే ముందటి స్థానిక పాలకుల పేర్లు బయటపడ్డదీ అక్కడే. ధర్మపురికి చెందిన సంగనభట్ల నరహరిశర్మ గారు పోగుచేసిన నాణేలు పి.వి. పరబ్రహ్మశాస్త్రి గారి చేతికి చేరాయి. ఆ తర్వాత పురావస్తు శాఖ అక్కడ తవ్వకాలు జరిపింది. పాత కరీంనగర్ జిల్లా గుట్టలూ వాగులూ కాలినడకన తిరిగి రాతియుగం పనిముట్లు వెతికిన ఠాకూర్ రాజారాం సింగ్ గారి సంగతీ చదివాను. ఇలాంటివాళ్లు చేయగలిగినప్పుడు నా తొమ్మిదో తరగతి పిల్లలు ఎందుకు చేయలేరనుకున్నాను. ఆ పెద్దలు ఏమేం ఏరారో చూశాను గాని ఏమేం రాసుకున్నారో చూడలేదు.

ప్రాజెక్టు పని కింద పిల్లలకు ఒక ప్రకటన చేశాను. మీ చేలల్లో, గడ్డల మీద, వాగుల్లో పాత రాళ్లు, పాత పెంకులు, పూసలు ఏం కనబడినా తీసుకురండి. నాలుగు వస్తువులకు ఒక పెన్ను. మంచి రాయి తెస్తే కంపాస్ బాక్సు. పెన్నులకు, బాక్సులకు డబ్బులు నావే. హెడ్మాస్టరు గారు స్టాఫ్ రూములో పాడుబడ్డ అద్దాల బీరువా ఇప్పించారు. దాని మీద అట్టముక్కకు చార్టు అతికించి "మన ఊరి మ్యూజియం" అని నేనే రాశాను. ఆ అక్షరాలు చాలా బాగా కుదిరాయి.

మొదట్లో వచ్చింది కంకర, పలుగురాళ్లు, వాగులో నున్నబడ్డ గులకరాళ్లు. నేను ఒక్కొక్కటి వెలుతురుకు పెట్టి చూసి, "ఇది ఉత్త కంకర, ఇది చెల్లదు" అని పక్కన పడేసేదాన్ని. చెల్లదు అనే మాటే వాడాను. పిల్లలకు ఆ ఒక్క మాట చాలు. ఏది చెల్లుతుందో తెలిసిపోయింది. ఆ తర్వాత సరుకు మారింది. నలుపూ ఎరుపూ కలిసిన కుండపెంకులు వచ్చాయి. చిల్లి పడిన ఎర్ర పూసలు వచ్చాయి. ఒకరోజు పొద్దున ప్రార్థనకు ముందే ఒక పిల్ల చున్నీ కొంగులో మూటగట్టి ఒక రాతి గొడ్డలి తెచ్చింది.

అది నా చేతిలో ఇప్పటికీ బరువుగానే గుర్తుంది. అరచేతి పొడవు. ఒక కొస మొనదేలి ఉంటుంది, రెండో కొస వెడల్పై పదునెక్కి ఉంటుంది. పట్టుకుంటే బొటనవేలు దానంతటదే పక్కనున్న నునుపులోకి జారుతుంది, ఎవరో ఆ వేలు కోసమే చెక్కినట్టు. మీద జిడ్డు, ఆ జిడ్డులో పసుపూ కుంకుమా పొరలు పొరలుగా పేరుకుని గట్టిపడ్డాయి. మొన దగ్గర ఆ పొర పెచ్చులూడి లోపల నల్లటి రాయి తొంగి చూస్తోంది.

ఆ పిల్లకు కంపాస్ బాక్సు ఇచ్చాను, క్లాసులో చప్పట్లు కొట్టించాను. మధ్యాహ్నం బడి వెనక నల్లా దగ్గర కూర్చుని గిన్నెల సబ్బు, కొబ్బరిపీచు పెట్టి ఆ గొడ్డలిని తోమాను. శుభ్రంగా, ఓపికగా, గర్వంగా తోమాను. పసుపునీళ్లు మోరీలోకి పోయాయి. నల్లరాయి మీద ఆకుపచ్చ ఛాయ బయటపడింది, ఎండలో మెరిసింది. దాన్ని బీరువాలో నడిమి అరలో పెట్టాను.

బీరువా నిండుతున్న కొద్దీ నాకు కనబడాల్సినవి కనబడలేదు. ఒక పిల్లవాడు రెండు గొడ్డలి ముక్కలు వేరువేరు రోజుల్లో తెచ్చి రెండు లెక్కలు వేయించుకున్నాడు. తర్వాతెప్పుడో బీరువా సర్దుతూ ఆ రెండిటినీ ఊరికే దగ్గర పెట్టాను. అతుక్కున్నట్టు కూర్చున్నాయి. పైచర్మం గోధుమరంగు, విరిగిన ముఖం మాత్రం నీలిబూడిద రంగులో పచ్చిగా ఉంది. వేల ఏళ్ల కింద విరిగిన రాయికి ఆ పచ్చిదనం ఉండదు. మొన్నమొన్న విరిగింది, పెన్ను కోసం విరిగింది.

ఇలాంటిదే జావాలో జరిగిందని చాలా ఆలస్యంగా చదివాను. 1937లో సంగిరాన్ అనే చోట ఫాన్ కోనిగ్స్‌వాల్డ్ అనే పరిశోధకుడు ఆదిమానవుడి పుర్రె ముక్కల కోసం వెతుకుతూ, ఊరివాళ్లకు ముక్కకు పది సెంట్ల చొప్పున ఇస్తానన్నాడు. ముక్కలు బోలెడు వచ్చాయి. పెద్ద ముక్కలను తన వెనక చిన్న ముక్కలుగా పగలగొట్టి తెస్తున్నారని ఆయనకు తర్వాత తెలిసింది. ఆ మాట దాచకుండా తన పుస్తకంలో రాసుకున్నాడు. ఊరివాళ్ల తప్పేముంది? లెక్క ముక్కకని ఆయనే చెప్పాడు. నేను కూడా వస్తువుకనే చెప్పాను. గణితం ఎక్కడైనా ఒకటే.

ఇంకొకడు ఇంకాస్త తెలివైనవాడు. అతను తెచ్చిన గొడ్డలి బీరువా మొత్తంలో అందంగా ఉండేది. రెండు వైపులా సమానం, పదును చూస్తే కూరగాయ తెగుతుందనిపించేది. దానికీ బాక్సు ఇచ్చాను. ఆ కథ తర్వాత చెబుతాను.

గొడ్డలిని తోమిన కొన్నాళ్లకు ఒక ముసలవ్వ బడికి వచ్చింది. గేటు దగ్గర చెప్పులు విడిచి లోపలికి వచ్చింది. పిల్లలంతా కిటికీల్లోంచి చూస్తున్నారు, ఆ కంపాస్ బాక్సు పిల్ల ఒక్కతే చూడటం లేదు.

"పంతులమ్మా, మా పోచమ్మ కాడి రాయి మీ బడికొచ్చిందట గదా?"

"ఏ రాయి అవ్వా?"

"నల్లగుంటది. యాపచెట్టు కింద మూడు రాళ్లుంటయి. నడిమిది."

బీరువా తెరిచి చూపించాను. అవ్వ దాన్ని వెంటనే తీసుకోలేదు. కొంచెం ఎడంగా నిలబడి చూసింది. తర్వాత చేతిలోకి తీసుకుని కొంగుతో ఒకసారి తుడిచింది, ఏమీ అంటలేదు కొంగుకు.

"కడిగినవా?"

"దుమ్ము ఉందని కడిగిన అవ్వా."

"దుమ్ము గాదు బిడ్డా. మా అత్త పెట్టిన పసుపు గూడ ఉండె దాని మీద."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే నాకు సులువయ్యేది. ఆ రాయి పిడుగు పడ్డచోట దొరికిందని, వాళ్ల మామకు నాగటిచాల్లో తగిలిందని, పిడుగురాయి ఇంట్లో ఉంచొద్దని తెచ్చి పోచమ్మకు ఇచ్చాడని చెప్పింది. రాతి గొడ్డళ్లను పిడుగురాళ్లనుకోవడం మనకొక్కరికే ఉన్న నమ్మకం కాదు, యూరప్ పల్లెల్లోనూ ఉండేది. దక్కన్ అంతటా చెట్ల కింద, చిన్న గుళ్లలో ఇలాంటివి కనిపిస్తాయి. ఆ సంగతి నాకు పుస్తకంలో తెలుసు. నల్లా దగ్గర గుర్తుకు రాలేదు.

అవ్వ రాయిని తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్లాను. వేపచెట్టు కింద రెండు రాళ్ల మధ్య ఖాళీ స్థలం ఉంది, మట్టిలో దాని ఆకారమే గుంటగా ఉంది. ఎటు తిప్పి పెట్టాలో అవ్వకు తెలుసు. నాకు తెలియలేదు.

దీంతోనైనా నాకు బుద్ధి రావాలి. పూర్తిగా రాలేదు. పోచమ్మ రాయి కాబట్టి ఇచ్చేశాను, మిగతావి ఎవరివీ కావు కదా అనుకున్నాను. ఎవరివీ కావు అనేది చట్టం ప్రకారం కూడా తప్పే. భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకు రాసి తెలపాలని 1878 నాటి చట్టమే చెబుతోంది. తర్వాత 1972 చట్టం, మన తెలంగాణకు 2017 వారసత్వ చట్టం ఉన్నాయి. సోషల్ టీచరుకు ఇవి తెలియకపోవడం ఒక రకం. తెలిసీ, మనం చేసేది చదువు కోసం కదా అని సర్దిచెప్పుకోవడం ఇంకో రకం. నాది రెండో రకం.

చివరికి పురావస్తు శాఖలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను బడికి పిలిచాను, పిలిచింది మెచ్చుకోలు కోసమే. పిల్లలు వరుసలో నిలబడ్డారు, పూలదండ తెప్పించాం. ఆయన అద్దాలు పెట్టుకుని బీరువా ముందు చాలాసేపు నిలబడ్డారు. ఒక గొడ్డలి తీసి, "ఇదెక్కడిది మేడం?" అన్నారు.

"మన ఊరి పరిసరాల్లోదే సార్."

"పరిసరాల్లో ఎక్కడ? చెలకలోనా, గుట్ట మీదా, వాగులోనా? పైన పడి ఉందా, బావి తవ్వితే వచ్చిందా? దాని పక్కన చెక్కులు ఉన్నాయా?"

"చెక్కులంటే సార్?"

"రాయి కొట్టినప్పుడు రాలే పెచ్చులు."

పెచ్చులు ఉండి ఉంటాయి. పిల్లలు అలాంటివి తెచ్చినప్పుడు నేను చెల్లవని పడేశాను. ఆ మాట ఆయనతో అన్నాను. ఆయన నవ్వలేదు, తిట్టలేదు, కుర్చీ తెప్పించుకుని కూర్చున్నారు. బీరువా దగ్గరే పిల్లలకు పాఠం చెప్పారు. నా సర్వీసులో నేను విన్న మంచి పాఠం అది.

ఆయన చెప్పిన దాని సారం ఇది. ఈ గొడ్డళ్లు దాదాపు నాలుగు వేల ఏళ్ల కిందటివి. మన గ్రానైట్ గుట్టలను చీల్చుకుని అక్కడక్కడ నల్లరాతి గోడలు లేచి ఉంటాయి, డోలరైట్ అంటారు. గట్టిది, పదును నిలుపుతుంది. ఆ రాతిని ముందు పెచ్చులు లేచేలా కొట్టేవారు, తర్వాత సన్నగా పొడిచి పొడిచి ఆకారం తెచ్చేవారు, చివర నీళ్లూ ఇసుకా పోసి బండ మీద నూరేవారు. నూరిన చోట బండ మీద పొడుగాటి గుంటలు పడతాయి. ఇప్పుడు ఒకే గొడ్డలి పెచ్చుల కుప్పలో దొరికితే అది కార్ఖానా. బూడిద, పశువుల ఎముకలు, కుండపెంకుల మధ్య దొరికితే అది ఇల్లు. సమాధిలో దొరికితే అది ఎవరికో ఇచ్చి పంపిన వస్తువు. వేపచెట్టు కింద దొరికితే ఒక రైతు భయమూ భక్తీ. నాలుగు చోట్లా రాయి ఒకటే. బీరువాలోకి వచ్చాక నాలుగూ ఒకటే అయిపోతాయి.

మన దేశంలో పాత రాతియుగానికి తొలి సాక్ష్యం పట్టుకున్న రాబర్ట్ బ్రూస్ ఫుట్ గురించి కూడా చెప్పారు. 1863లో మద్రాసు పక్కన పల్లావరంలో ఆయనకు మొదటి పనిముట్టు దొరికింది. దశాబ్దాలు దక్షిణాదంతా తిరిగి పోగుచేసినదంతా 1904లో మద్రాసు మ్యూజియం కొన్నది. 1916లో వాటి మీద పుస్తకం వచ్చింది. ఏ జిల్లా, ఏ ఊరు అని చోటు చోటుకీ లెక్క ఉంది అందులో. ఆయనా రాళ్లు ఏరుకుపోయిన మనిషే. కానీ రాతితోపాటు చోటును కూడా తీసుకుపోయాడు. అందుకే నూరేళ్ల తర్వాత కూడా ఆ చోట్లకు వెళ్లి చూసేవాళ్లున్నారు.

పెద్దాయన వెళ్లిపోయాక నాకు బొమ్మలగుట్ట గుర్తొచ్చింది. జగిత్యాల నుంచి కరీంనగర్ పోయే దారిలో గంగాధర మండలం కురిక్యాల దగ్గర ఉంటుంది. కన్నడ ఆదికవి పంపని తమ్ముడు జినవల్లభుడు క్రీ.శ. 945 ప్రాంతంలో ఆ గుట్ట బండ మీద సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ శాసనం వేయించాడు. అందులో తెలుగు కంద పద్యాలున్నాయి. తెలుగుకు 2008లో ప్రాచీన హోదా వచ్చినప్పుడు చూపిన సాక్ష్యాల్లో అదొకటి. తాను కట్టించిన బసది, తవ్వించిన చెరువు, పెంచిన తోట పేర్లు కూడా చెప్పుకున్నాడు జినవల్లభుడు. అది ఎత్తుకుపోలేని బండ కావడం మన అదృష్టం. నా పిల్లలు సంచిలో వేసుకురాగల సైజులో ఉంటే, పద్యం ఉన్న ముక్కకు నేను కంపాస్ బాక్సు ఇచ్చి ఉండేదాన్ని, పద్యం లేని ముక్క చెల్లదని పడేసేదాన్ని.

దసరా సెలవులకు సిరిసిల్ల వెళ్లాను. మా బావగారింట్లో కింద సాంచెలు, అంటే మరమగ్గాలు, ఆడుతుంటాయి, పై అంతస్తు కూడా కొంచెం వణుకుతూనే ఉంటుంది, అలవాటు లేనివాళ్లకు తల పట్టేస్తుంది. ఆ చప్పుడులోనే మా బావగారి కొడుకు మంచం మీద బోర్లా పడుకుని ఫోన్‌లో మైన్‌క్రాఫ్ట్ ఆడుతున్నాడు. నన్ను చూసి ఫోన్ తిప్పాడు.

"చిన్నమ్మా, నువ్వు రాళ్లు కొంటవట గదా? ఈయన గూడ నీ లెక్కనే."

ఎవరు చెప్పారో వాడికి. మా ఇంట్లో మాటలు నా కంటే ముందు బస్సెక్కుతాయి. పక్కన కూర్చున్నాను. రాతిమేస్త్రిని అప్పుడే మొదటిసారి చూడటం. ముక్కూ, చేతులు కట్టుకున్న తీరూ చూసి నవ్వొచ్చింది. వాడు గుట్టను తవ్వుతున్నాడు, కొలిమిలో వేస్తున్నాడు, తెచ్చి అమ్ముతున్నాడు. గ్రానైట్ వస్తే విసుక్కుంటున్నాడు. ఆ ఆటలో గ్రానైటంటే సంచిలో చోటు తినే చెత్త సరుకు, ఈ మేస్త్రి కొంటాడు కాబట్టి కొంత నయం. అదే గ్రానైట్ కోసం మా పాత జిల్లాలో గుట్టలు నిలువునా కోసి, టాన్ బ్రౌన్ అని పేరు పెట్టి, కరీంనగర్ స్టేషన్‌లో రైలెక్కించి, కాకినాడ ఓడరేవు మీదుగా చైనా పంపారు. ఆ గుట్టల మీద ఏ నూరుడు గుంటలున్నాయో, ఏ బొమ్మలున్నాయో కొన్నవాడు అడగడు. అది నా చేతిలో లేని సంగతి, పైగా ఆ బండలు వేసిన ఇళ్లలోనే మనమందరం నడుస్తున్నాం. నా బీరువా సంగతి మాత్రం నా చేతిలోదే.

"ఈ రాళ్లు ఎక్కడియి అని అడగడారా ఈయన?"

"ఎందుకడుగుతడు? కౌంట్ కరెక్టుంటే చాలు."

వాడు అదే ఊళ్లో ఒక ఇంటి గోడ పడగొట్టి చూపించాడు. ఆ ఇంటివాళ్లు పక్కనే నిలబడి మూలుగుతున్నారు. గోడరాళ్లు కొలిమిలోకి పోయాయి, కొలిమిలోంచి మేస్త్రి దగ్గరికి పోయాయి, పచ్చ వచ్చింది. "చూసినవా, ఫ్రీ," అన్నాడు. చూశాను. బడి గేటు దగ్గర చెప్పులు విడిచిన అవ్వను కూడా చూశాను.

అప్పటిదాకా నేను నా పొరపాటును తెలియనితనం కింద రాసుకున్నాను. పెచ్చుల సంగతి తెలియదు, చెక్కుడు సంగతి తెలియదు, పసుపు పొర సంగతి తోచలేదు, ఇలా. ఆ మేస్త్రిని చూశాక లెక్క మారింది. అతనికి రాళ్ల గురించి అంతా తెలుసు, నున్నదేదో మొరటుదేదో, ఎన్నిటికెంతో. ఆ ఊరి ఇళ్లు కూలుతున్నది అతని తెలియనితనం వల్ల కాదు, అతను పెట్టిన ధర వల్ల. అతను అక్కడ నిలబడకపోతే మా పిల్లవాడు ఆ గోడ జోలికి పోడు. పోచమ్మ దగ్గరి రాయి నాలుగు తరాలు ఎవరూ కదపకుండా ఉంది. దానికి కంపాస్ బాక్సు ధర కట్టింది నేను. ఆ పిల్లను దొంగను చేసిందీ నేనే, చప్పట్లు కొట్టించి మరీ.

ఇది చెప్పుకోవడానికి కొంచెం కష్టంగానే ఉంది. మంచి టీచరని పేరున్న మనిషి తన బహుమతుల వల్లే పాడు జరిగిందని ఒప్పుకోవడం, బహుమతుల్లేని టీచరు ఒప్పుకోవడం కన్నా కష్టం. ఆ పిల్లను పిలిచి మాట్లాడాను. రాయి తెచ్చినందుకు ఆమె తప్పు లేదని చెప్పాను. ఆమె నమ్మినట్టు కనిపించలేదు. బాక్సు తిరిగి ఇవ్వబోయింది, తీసుకోలేదు. అది కూడా సరైన పనో కాదో ఇప్పటికీ తేలలేదు నాకు.

సెలవుల తర్వాత ధర రద్దు చేశాను. ఇప్పుడు మా పిల్లలు ఏదీ తేరు. కనిపించిన చోటనే ఉంచి, పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీస్తారు. ఎవరి చెలక, ఏ చెట్టుకు ఎటువైపు, దున్నిన భూమా దున్ననిదా, చుట్టూ పెచ్చులున్నాయా, ఆ చోటు గురించి ఇంట్లో పెద్దవాళ్లు ఏమంటారు, ఇవన్నీ నోటుబుక్కులో రాస్తారు. మార్కులు రాతకే, రాయికి కాదు. ఉత్సాహం తగ్గింది, నిజమే. నోటుబుక్కు అద్దాల బీరువాలో మెరవదు, వచ్చిన అధికారికి చూపించడానికి బాగుండదు. పెద్దవాళ్లు ఏమంటారనే గడి మాత్రం ఎప్పుడూ చోటు చాలక పేజీ దాటిపోతుంది. ఒక్క గుట్టకే మూడు కథలు, ఒకదానికొకటి పొసగవు.

పాత బీరువాలో వస్తువులకు ఆ పెద్దాయన సలహా మీద చీటీలు రాసి, పై అధికారులకు తెలిపాం. చీటీలు రాయడానికి పిల్లలను ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి అడిగాను. కొందరికి చెలక గుర్తుంది, చోటు గుర్తులేదు. కొందరు పై చదువులకు కోరుట్ల, జగిత్యాల వెళ్లిపోయారు. ఒకడు మేనమామ ఊరి నుంచి తెచ్చానన్నాడు. ఇంకొకడు ఆ ముక్కను స్నేహితుడి దగ్గర రెండు చాక్లెట్లకు కొన్నానన్నాడు, అంటే నా కింద మరో మేస్త్రి తయారయ్యాడన్నమాట. చాలా చీటీల మీద "స్థలం తెలియదు" అనే రాయాల్సి వచ్చింది. రాస్తుంటే ఆ రెండు మాటలకే నా చెయ్యి అలవాటుపడిపోయింది.

ఇక అందమైన గొడ్డలి సంగతి. పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకోగానే వేలితో పదును మీద రుద్ది, కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, నవ్వేశారు. గీతలన్నీ ఒకే వైపు, కొత్తవి, సందుల్లో సిమెంటు పొడి. పిల్లవాడిని పిలిస్తే దాచలేదు. బడి వెనక నీళ్ల ట్యాంకు గట్టు మీద ఇంటర్వెల్‌లో రోజూ కొంత నూరానని, చేతులు బొబ్బలెక్కాయని చెప్పాడు. నీళ్లు పోస్తే తొందరగా అరుగుతుందని తనకు తానే కనిపెట్టాడట. పెద్దాయన వాడి భుజం తట్టి, నాలుగు వేల ఏళ్ల కిందటి పని ఈ ఊళ్లో మళ్లీ చేసినవాడివి నువ్వొక్కడివేరా అన్నారు. దాన్ని పారేయమని నేనంటే ఆయన ఒప్పుకోలేదు, దానికీ చీటీ రాయమన్నారు. రాశాను: రాయి వాగులోది, నూరింది ట్యాంకు గట్టు మీద, చేసింది తొమ్మిదో తరగతి విద్యార్థి, కారణం కంపాస్ బాక్సు. ఆ బీరువాలో ఏ గడీ ఖాళీ లేని చీటీ అదొక్కటే.